చందా సాఫ్ట్‌వేర్: ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి?

ఒకసారి కొన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి వాడుకోవడం ఒకప్పుడు మామూలు విషయం. ఫోటోషాప్ కొత్త వెర్షన్లు ఇక చందాదారులకేనని 2013లో అడోబీ సంస్థ ప్రకటించింది. నేడు రాతకు, లెక్కకు, బొమ్మకు కూడా నెలనెలా డబ్బు కట్టమంటున్నారు. వీటిలో విద్యార్థికి నిజంగా అవసరమైనవి ఎన్ని?

ప్రకటనలు సదుపాయాల జాబితా చూపుతాయి. నా దృష్టిలో ముందుగా చూడవలసింది వేరు. చందా ఆపిన మర్నాడు మన ఫైళ్లు ఏమవుతాయి? మైక్రోసాఫ్ట్ 365 గడువు తీరితే, కంప్యూటర్లోని వర్డ్‌లో పాత పత్రాన్ని తెరవవచ్చు, ముద్రించుకోవచ్చు. దిద్దడానికి మాత్రం వీలుండదు. అయితే అదే ఫైలును ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్‌లో దిద్దుకోవచ్చు. పట్టికలు, అక్షరాల అమరిక ఒక్కోసారి చెదిరిపోయే మాట నిజమే. ప్రాజెక్టు రిపోర్టు రాసుకునేవారికి అది భరించదగిన ఇబ్బందే. కనుక ఈ చందాను నేనైతే మొదటే వదులుకుంటాను.

మాట్‌లాబ్ సంగతి ఇంత సులభం కాదు. మాత్రికలు, సమీకరణాల సాధన, గ్రాఫులు మొదలైన వాటికి ఉచితమైన గ్నూ ఆక్టేవ్ చాలు. మాట్‌లాబ్ భాషలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు స్వల్ప మార్పులతో అందులో నడుస్తాయి. కాని నియంత్రణ వ్యవస్థలను బ్లాక్ డయాగ్రాములుగా గీసి పరీక్షించే సిమ్యులింక్‌కు ఆక్టేవ్‌లో సాటి లేదు. ఆ పని తప్పనిసరైన ఇంజనీరింగ్ విద్యార్థి డబ్బు కట్టడంలో తప్పులేదు. కళాశాలకు లైసెన్సు ఉన్నదేమో ముందుగా విచారించాలి, అంతే. సైలాబ్ అనే మరో ఉచిత సాధనం కూడా ఉంది. ఐఐటి బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు వారు పాఠ్యపుస్తకాల్లోని సాధించిన లెక్కలను సైలాబ్‌లో రాయించి అందరికీ అందిస్తున్నారు. విద్యార్థి రాయితీని నమ్ముకునేవారు అది చదువుతోనే ముగుస్తుందని గుర్తుంచుకోవాలి.

అన్నట్లు, ఆక్టేవ్ అన్న పేరు సంగీతం నుంచి వచ్చింది కాదు. అది కెమికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు. కాగితం ముక్క మీద చకచకా ఉజ్జాయింపు లెక్కలు కట్టడంలో ఆయన దిట్ట. అటువంటి లెక్క ఇక్కడా పనికివస్తుంది. బొమ్మలు గీసే ఒక ప్రోగ్రాముకు నేను 6,000 రూపాయల ఏడాది చందా కట్టి, 12 రోజులు మాత్రమే తెరిచాను. రోజుకు 500 పడింది! కార్డు నుంచి చందా దానంతటదే వసూలయ్యేటప్పుడు, కనీసం 24 గంటల ముందుగా మనకు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి అమలులో ఉంది. మొదటి ఏడాది ఆ సందేశాన్ని చూసీ చూడనట్లు ఊరుకున్నాను. మరుసటి ఏడాది అది వచ్చిన రోజునే చందా రద్దు చేశాను.