పేక గుర్తు తప్పిన చోట

పుట్టపాక మగ్గం మీద డబుల్ ఇక్కత్ చీర ఎలా రూపు కడుతుందో కంప్యూటర్ తెర మీద చూపాలని ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పేక పోగులు ఒక్కొక్కటిగా పడుతుంటే నేసిన గుడ్డ మెల్లగా పైకి జరుగుతూ పోవాలి. ఇంట్లో నాకు బాగానే అనిపించింది. ఊళ్లో ఒక పాత డెస్క్‌టాప్ మీద పెట్టి, ఏళ్ల తరబడి మగ్గం గుంటలో కూర్చున్న ఒక పెద్దాయనకు చూపించాను. రెండు నిమిషాలు చూసి, "నడుస్తలేదు బిడ్డా, ఎగుర్తంది" అన్నాడు.

నా దగ్గరేమో లెక్క ఉంది. సెకనుకు అరవై ఫ్రేముల దరిదాపుల్లో పడుతున్నాయని ప్రోగ్రామే చెబుతోంది. కానీ ఆయన మాటే నిజం. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.67 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఒక్కసారి పని 100 మిల్లీసెకన్లు ఆగిపోతే ఐదు ఫ్రేములు పోతాయి. అయినా సగటు 59.5 చూపుతుంది. కంటికి తగిలేది ఆ ఒక్క ఆగడమే, అదే సగటులో కలిసిపోతుంది. కుదుపు వెతికేవాళ్లు సగటును పక్కనపెట్టి, ప్రతి ఫ్రేముకూ ముందు ఫ్రేముకూ మధ్య ఎంత ఎడం వచ్చిందో రాసుకోవాలి. అందులో అన్నిటికన్నా పెద్ద ఎడాలేవో చూడాలి.

ఆ పెద్దాయన అంత తొందరగా ఎలా పట్టాడో తెలియాలంటే ఆయన పని తెలియాలి. ఇక్కత్‌లో పువ్వు మగ్గం మీద పుట్టదు, నూలులోనే ముందు పుడుతుంది. గ్రాఫు కాగితం మీద గళ్ల లెక్కన గీసిన నమూనా ప్రకారం, రంగు అంటకూడని చోట నూలును రబ్బరు పేలికలతో బిగించి కట్టి, అద్దకం వేస్తారు. పేకకైతే అంతకుముందే ఆసు పోయాలి. అర్ధవృత్తంలో నిలబెట్టిన మేకుల మీదుగా పోగును చేత్తో తిప్పడమే ఆ పని. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరుగుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం వెనక ఎన్ని వేలమంది ఆడవాళ్ల భుజాలు ఉన్నాయో పాత నల్లగొండ పల్లెల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

అసలు పరీక్ష మగ్గం మీద. డబుల్ ఇక్కత్‌లో పడుగుకూ పేకకూ రెండిటికీ ముందే రంగు పడి ఉంటుంది. పేక పోగును మోసే నాడె దాటించాక, ఆ పోగును బిగించే పన్నె కొట్టే ముందు, పేక మీది రంగు మచ్చ పడుగు మీది మచ్చ పక్కన సరిగ్గా పడిందో లేదో చూసి, పోగును అంచు దగ్గర కాస్త లాగి సర్దుతారు. నూలు సాగుతుంది, బిగువు మారుతుంది. ఇన్ని పోగులు వేశాను గనుక పువ్వు సగం వచ్చి ఉంటుందని లెక్కను నమ్ముకుంటే, పోగుకు వెంట్రుకంత తేడా చొప్పున పోగుపడి, జానెడు గుడ్డకే పువ్వు మెలిపడుతుంది. అందుకే ఏ పోగుకు ఆ పోగు గుర్తుకు కలవాలి. పుట్టపాక డబుల్ ఇక్కత్ నేతైన తేలియా రుమాలులోని నిండుతనం ఇలా వేల పోగులను విడివిడిగా సర్దగా వచ్చింది.

నా ప్రోగ్రాం చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఫ్రేముకు రెండు చుక్కలు జరుపు అని రాశాను, అంటే పోగులు లెక్కపెట్టాను. ఒక ఫ్రేము ఆలస్యమైతే గుడ్డ వెనకబడుతుంది, ఆ తర్వాత కోలుకోదు. ఈ ఫ్రేము తెర మీదికి వచ్చే క్షణానికి గుడ్డ ఎక్కడ ఉండాలో గడియారాన్ని బట్టి తేల్చాలి. ఆ గడియారం కూడా ముందుకే నడిచేది కావాలి. ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకుని వెనక్కి జరిగేది పనికిరాదు.

మగ్గం మీద తప్పు కనిపించినంత మాత్రాన అది మగ్గంలో పుట్టిందని కాదు. ప్రతి పువ్వులోనూ ఒకే చోట ఒకే తేడా వస్తుంటే ఆసులోనో గ్రాఫులోనో వెతకాలి. అంచు మసకబారితే కట్టు వదులైంది. ఒక్కచోటే పక్కకు పోతే ఆ పోగును సర్దలేదు. తెర మీది కుదుపును కూడా దాని తీరును బట్టే చదవాలి. తాళం వేసినట్టు సమంగా వచ్చే కుదుపైతే రెండు లయలు కలవడం లేదని అర్థం. నేను 16 మిల్లీసెకన్ల టైమర్ పెట్టుకున్నాను. అది సెకనుకు 62.5 సార్లు మోగుతుంది, తెర మారేది 60 సార్లే. ఎక్కువైన రెండున్నర ఫ్రేములు ఎవరి కంటా పడకుండా పోతాయి, పోయిన ప్రతిసారీ గుడ్డ రెండడుగులు ఒక్కసారే వేస్తుంది. టైమర్ తీసేసి, తెర అడిగినప్పుడే గీసేలా మారిస్తే ఆ ఎగురుడు ఆగింది.

సమం లేని కుదుపు వేరే జాతి. కొత్త పువ్వు మొదలైనప్పుడల్లా గుడ్డ ఒక్క క్షణం కొయ్యబారేది. వెతికితే, ఆ పువ్వు బొమ్మను డిస్కు నుంచి చదివే పనిని, తెర గీసే వరుసలోనే పెట్టి ఉన్నాను. బొమ్మ వచ్చేదాకా గీత ఆగాల్సిందే. ఇక్కడ నాకు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల మగ్గం గుర్తొచ్చింది. నూలు ఒడలుకు ఒక నాడె, రెండు పట్టు అంచులకు రెండు నాడెలు. ఎవరి దారి వారిదే, కానీ ప్రతి పోగుకూ ఒడలు పేక, అంచు పేక ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బొమ్మలు చదివే పనిని అలాగే వేరే దారానికి (ప్రోగ్రాం భాషలో థ్రెడ్) అప్పగించి, సిద్ధమైన బొమ్మను మాత్రం ఫ్రేము దగ్గర కలిపాను.

తెలుగు అక్షరాల దగ్గర మరో చిన్న భారం దొరికింది. "లక్ష్మీ" అన్న మాటలో కకు షవత్తు, మవత్తు, గుడిదీర్ఘం, అన్నీ పేర్చితేగానీ అక్షరం కాదు. ఆ పేర్పు ఒకసారికి పెద్ద పనేం కాదు. మారని మాటను సెకనుకు అరవైసార్లు పేర్చడం పాత కంప్యూటరుకు బరువే. ఒకసారి పేర్చి దాచుకుంటే చాలు.

ఈ పనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదని నల్లగొండ కాలేజీల్లో చదివే పిల్లలకు చెప్పాలనుంది. సెకనుకు 240 బొమ్మలు తీసే స్లో మోషన్ ఫోను ఉంటే, దాన్ని తెర ముందు నిలబెట్టండి. 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేము నాలుగు బొమ్మల్లో కనిపించాలి. ఎనిమిదింట్లో కనిపిస్తే అక్కడ ఒకటి తప్పింది. సమయాలు రాసుకునేటప్పుడు ప్రతి ఫ్రేముకూ తెర మీద అచ్చు వేయకండి, ఆ అచ్చే కొత్త కుదుపు తెస్తుంది. మెమరీలో దాచుకుని చివర్లో ఒకేసారి చూడండి.

అన్నీ సరిచేసి మళ్లీ పుట్టపాక వెళ్లాను. పెద్దాయన ఈసారి చాలాసేపు చూశాడు. గుడ్డ సాఫీగా పైకి జరుగుతోంది. తర్వాత వేలు పెట్టి పువ్వు అంచు చూపించాడు. "గింత కోసినట్టు ఉండది. రంగు కట్టు కిందికి జరంత పాకుతది" అన్నాడు. నేను గీసిన అంచులు గ్రాఫు గళ్లంత సూటిగా ఉన్నాయి. ఆయన లేచి, మగ్గం మీది చీర కొసను తెచ్చి తెర పక్కన పట్టుకున్నాడు.