ముందే పట్టిన దెయ్యం

స్టార్ ట్రెక్ మొదటి సిరీస్ (1966–69) చూసినవాళ్ళకి తెలుసు: కెప్టెన్ కర్క్ మనసుని లొంగదీసుకోవాలని చూడని గ్రహం దాదాపు లేదు. యంత్రాలు, రోగాలు, పువ్వులు, చివరికి ఆడవాళ్ళ కన్నీళ్ళు కూడా ఒక చెయ్యి వేసి చూశాయి. ప్రతిసారీ అతను పళ్ళు బిగించి, పెనుగులాడి బయటపడతాడు. విలియం షాట్నర్ ఆ పెనుగులాటని ఎంత కష్టపడి నటిస్తాడో చూసి నవ్వుకోని అభిమాని ఉండడు. నేనూ నవ్వాను.

మామూలుగా దీన్ని సంకల్పబలం అంటాం. హీరో మనసు గట్టిది, అందుకే తెంచుకున్నాడు, అంతే. నాకు ఈ వివరణ ఎప్పుడూ ఆనలేదు. ఎందుకంటే ఆ సిరీసే వేరే కారణం చెప్తోంది, అదీ మనకి అంత సౌకర్యంగా లేని కారణం.

1967 మార్చి 2న ప్రసారమైన ‘దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్’ తీసుకుందాం. డి.సి. ఫొంటానా రాసిన స్క్రిప్ట్. ఒమిక్రాన్ సెటి 3 అనే గ్రహం మీద ప్రాణాంతకమైన కిరణాలు పడుతుంటాయి. అక్కడ స్థిరపడినవాళ్ళంతా చనిపోయి ఉంటారనుకుని వెళ్తే, నిక్షేపంగా ఉంటారు. ఎప్పుడో కోసి తీసేసిన అపెండిక్స్ కూడా ఒకాయనకి తిరిగి మొలిచి ఉంటుంది! ఇదంతా కొన్ని పువ్వులు చిమ్మే స్పోర్ల మహిమ. అవి ఒంట్లో చేరితే ఆరోగ్యం, ప్రశాంతత, ప్రేమ. ఎవరికీ ఏ పనీ చెయ్యాలనిపించదు. ఒక్కొక్కరే ఓడ ఖాళీ చేసి కిందకి దిగిపోతారు. నాలుగు వందల పైచిలుకు మంది పనిచేసే ఓడలో కర్క్ ఒక్కడే మిగులుతాడు.

ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. కర్క్ మీద కూడా పువ్వు చిమ్ముతుంది. ముఖం విచ్చుకుంటుంది. క్యాబిన్‌కి వెళ్ళి పెట్టె సర్దుకుంటాడు, తన పతకాలు చూసుకుంటాడు. పెట్టె పట్టుకుని ట్రాన్స్‌పోర్టర్ గదికి వస్తాడు. మీట నొక్కితే స్వర్గం. చెయ్యి ఆగిపోతుంది. ఓడని వదిలి వెళ్ళలేనని అరుస్తాడు, కోపంతో బల్లని గుద్దుతాడు. ఆ కోపానికి ఒంట్లోని స్పోర్లు చచ్చిపోతాయి.

జాగ్రత్తగా చూస్తే ఇక్కడ కర్క్ స్వేచ్ఛ గురించి ఒక్క ముక్క కూడా ఆలోచించడు. నా మనసు నాది కాకుండా పోతోందే అని భయపడడు. ఉద్యోగం వదిలి వెళ్ళలేకపోయాడు, అంతే. ఒక సంస్థలో రాజీనామా ఇచ్చాక, నోటీస్ పీరియడ్ ఆఖరి రాత్రి ఒంటిగంటకి, నా తర్వాత ఎవరూ పట్టించుకోని ఒక బగ్‌ని నేను సరిచేస్తూ కూర్చున్నాను. తెల్లారితే నా లాగిన్ పనిచెయ్యదు. చెయ్యమని ఎవరూ అడగలేదు, చేసినా ఎవరికీ తెలియదు. అది అంకితభావమో, ఇంకేదైనానో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ బల్ల మీద పడిన గుద్దు నాకు తెలుసు.

దీనికి కొన్ని నెలల ముందే, 1966 సెప్టెంబర్‌లో, ‘ది నేకెడ్ టైమ్’ వచ్చింది. అందులో ఒక అంటురోగం మనుషుల లోపలి అదుపులన్నీ తెంచేస్తుంది. ఒకడు కత్తి పట్టుకుని తిరుగుతాడు, స్పాక్ ఏడుస్తాడు. మరి కర్క్ లోపలినుంచి ఏం బయటికొస్తుంది? ఓడ. ఈ ఓడ నా నుంచి తీసుకుంటూనే ఉంటుంది, ఇస్తూనే ఉండాలి, ఒక ఆడమనిషితో కలిసి నడవడానికి నాకు ఒక సముద్రతీరం కూడా లేదు అని వాపోతాడు. అంతలోనే, నిన్ను పోగొట్టుకోను అని అదే ఓడకి మాటిస్తాడు. తాగుడు మానాలనుకునేవాడు సీసాతో మాట్లాడినట్టు ఉంటుంది ఆ సీన్.

మూడోది 1968 డిసెంబర్‌లో వచ్చిన ‘ఎలాన్ ఆఫ్ ట్రోయియస్’. ఎపిసోడ్‌గా బలహీనమైనదే, అహంకారి రాకుమారిని దారికి తెచ్చే పాత చింతకాయపచ్చడి కథ. ఆమె కన్నీరు తగిలితే మగవాడు జీవితాంతం బానిస. మన భాషలో చెప్పాలంటే మరుగుమందు. కర్క్‌కి ఆ కన్నీరు తగులుతుంది. డాక్టర్ మెకాయ్ కిందా మీదా పడి విరుగుడు కనిపెట్టేసరికి దాని అవసరం తీరిపోయి ఉంటుంది. అప్పుడు స్పాక్ తాపీగా ఒక మాట అంటాడు: విరుగుడు ఓడేనని, ఈమె కంటే చాలా ముందే ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్‌కి అంటుకుందని.

అంటుకోవడం! రచయిత వాడిన మాట రోగానికి వాడే మాట. జోక్‌లా దాటేస్తారు గానీ, నాకు అది మొత్తం సిరీస్‌కి తాళంచెవిలా కనిపిస్తుంది. కర్క్ మనసులో ఖాళీ లేదు. రూట్ యాక్సెస్ ఎప్పుడో ఓడ చేతికి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన దెయ్యాలన్నీ గెస్ట్ అకౌంట్లే.

పోల్చడానికి పికార్డ్ ఉన్నాడు. 1990లో బోర్గ్ అతన్ని పట్టుకుని లొక్యూటస్‌గా మార్చినప్పుడు, అతని ఓడని ఓడించడానికి అతని జ్ఞానాన్నే వాడుకున్నారు. అక్కడ బల్ల గుద్దడాలు లేవు. మనుషులు ఎత్తుకొచ్చి, డేటా లోపలికి దారి తవ్వితే తప్ప, ఒక నీరసమైన మాట బయటికి రాలేదు. తర్వాత ‘ఫ్యామిలీ’లో అన్న దగ్గర బురదలో కూర్చుని, ఆపడానికి నా బలం చాల్లేదని ఏడుస్తాడు. చాలామందికి ఈ రెండోదే పెద్దల కథ, కర్క్‌ది పిల్లల కథ. నేను ఒప్పుకోను. పికార్డ్‌కి జరిగింది దౌర్జన్యం, దానిమీద మనకి అనుమానం ఉండదు. కర్క్ కథలో కష్టమైన ప్రశ్న వేరే: పువ్వు ఇచ్చింది మంచిదైతే?

ఈ ఎపిసోడ్‌ని హిప్పీల మీద విసురుగా చదివేవాళ్ళున్నారు. 1967 కాబట్టి అలా చదవడంలో తప్పేం లేదు. కాలనీ నాయకుడు స్పోర్లు వదలగానే, మూడేళ్ళలో మేం సాధించింది ఏమీ లేదే అని బాధపడతాడు కూడా. సాధించడం అనే మాట దగ్గరే నాకు ఆ కథ మీద నమ్మకం సడలుతుంది.

అసలు చిక్కు స్పాక్‌తో వస్తుంది. మొదటి డ్రాఫ్ట్‌లో ఈ ప్రేమకథ సులుది. దాన్ని స్పాక్‌కి మార్చింది ఫొంటానాయే, ఎపిసోడ్‌ని నిలబెట్టింది ఆ మార్పే. పువ్వు వల్ల స్పాక్ చెట్టుకొమ్మకి వేలాడతాడు, మేఘాల్ని చూస్తాడు, లైలాని ప్రేమిస్తాడు. అతన్ని విడిపించడానికి కర్క్ ఏం చేస్తాడు? అబద్ధం చెప్పి ఓడ మీదకి పిలిపించి బూతుల్లాంటి మాటలు అంటాడు. పుట్టుకని, తల్లిదండ్రులని, చెవులని, దేన్నీ వదలడు. స్పాక్ కొట్టి కొట్టి, ఆఖరి దెబ్బకి చెయ్యెత్తి ఆగుతాడు. విముక్తి అయిపోయింది. అతను అడగని విముక్తి. తర్వాత పైకి వచ్చిన లైలా అతని ముఖం చూడగానే పోయింది ఏమిటో గ్రహిస్తుంది. ఆమె స్పోర్లు కోపంతో కాదు, ఏడుపుతో పోతాయి. ఆ తేడాని స్క్రిప్ట్ పట్టించుకుంది, కర్క్ పట్టించుకోడు.

చివర్లో ఓడ బయల్దేరాక, మనిషిని స్వర్గంనుంచి గెంటెయ్యడం ఇది రెండోసారి అంటాడు మెకాయ్. కాదు, ఈసారి మనంతట మనమే నడిచి వచ్చాం అంటాడు కర్క్. ఆ ‘మనం’ వినగానే నేను ఎప్పుడూ స్పాక్ వైపు చూస్తాను. కర్క్ కూడా చూసి, నువ్వేం మాట్లాడవేం అని అడుగుతాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, జీవితంలో మొదటిసారి సంతోషంగా ఉన్నాను అక్కడ, అంటాడు స్పాక్. కర్క్ దగ్గర దానికి జవాబు లేదు.