వెనుక నిలిచిన కెమెరా: వీడియో గేమ్ చూపు, కథన దృష్టికోణం

వీపుకు కర్ర బిగించి, దాని చివర కెమెరా అమర్చి, ఆ దృశ్యాన్ని వీడియో కళ్ళజోడులో చూస్తూ నడిచే ప్రయోగం గేమ్‌లోని ప్రథమ పురుషను దేహానికి తొడుగుతుంది. మీర్‌పేట్ చెరువుగట్టుపై అలా నడిచే మనిషికి దారికన్నా ముందు కనబడేది తన వీపే.

2007లో 'సైన్స్' పత్రికలో వెలువడిన లోజాన్ పరిశోధన ఈ స్థితినే పరీక్షించింది. దాని నలుగురు రచయితలలో హైదరాబాదుకు చెందిన తేజ్ తాడి ఒకరు. వ్యక్తికి రెండు మీటర్ల వెనుక కెమెరా నిలిపి, అతని వీపును కర్రతో నిమురుతూ, ఆ బింబాన్ని అతనికే చూపారు. స్పర్శ, దృశ్యం ఏకకాలంలో సాగినప్పుడు ఎదుటి బింబమే తన దేహమనిపించింది. కళ్ళకు గంతలు కట్టి వెనక్కి నడిపించి, మునుపటి చోటికి రమ్మంటే బింబం వైపు జరిగి నిలిచారు. రెండింటి మధ్య కాలం తప్పినప్పుడు భ్రమ సడలింది.

దృష్టికోణాన్ని కెమెరా ఉన్న చోటుతో కొలిచే విమర్శకు ఇది ఇబ్బందికరమైన ఫలితం. 'లేడీ ఇన్ ది లేక్' (1947) సినిమాలో కెమెరాయే నాయకుని కన్ను. అతని ముఖం ప్రధానంగా అద్దాలలోనే కనిపిస్తుంది. అయినా ప్రేక్షకుడు అతడు కాలేడు. చోటు కుదిరింది, స్పర్శ కుదరలేదు.

నవీన్ 'అంపశయ్య' (1969)లో ఉస్మానియా విద్యార్థి రవితో పాఠకునికి కలిగే సాన్నిహిత్యాన్ని కూడా వ్యాకరణ పురుషతో వివరించడం చాలదు. ఒక్క రోజుకు నవల మొత్తం కేటాయించడం వల్ల రవి ఆలోచన సాగే వేగమూ, చదివే వేగమూ దగ్గరవుతాయి. పరిశీలించవలసింది ఆ కాలసామ్యాన్నే. కథకుడు రవికి ముందున్నాడా, వెనుకనున్నాడా అన్నది తర్వాతి ప్రశ్న.