ఆరు పెన్నీల స్నేహం

జంటనగరాలు అనగానే మా విద్యార్థులకు హైదరాబాదు, సికింద్రాబాదు గుర్తుకు వస్తాయి. అవి హుస్సేన్‌సాగర్ గట్టుకు అటూ యిటూ వున్న వూళ్లు. వేల మైళ్ల దూరాన, వేరు భాషలు మాట్లాడే రెండు నగరాలు సోదర నగరాలెలా అవుతాయని యీమధ్య తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. మేయర్లు సన్మానపత్రాలు యిచ్చిపుచ్చుకోవటం, నాట్యబృందాలు వచ్చిపోవటం, ఇంతేనా సాంస్కృతిక వినిమయం? ఈ ప్రశ్నను చులకన చేయటానికి వీల్లేదు.

1940 నవంబరు 14 రాత్రి నాజీ విమానాలు ఇంగ్లండులోని కర్మాగారాల నగరం కావెంట్రీపై బాంబులు కురిపించాయి. ఐదువందలమందికి పైగా చనిపోయారు. పురాతనమైన కెథెడ్రల్‌కు మొండిగోడలు మిగిలాయి. 1942లో స్టాలిన్‌గ్రాడ్ అంతకంటె ఘోరమైన అగ్నిపరీక్షకు గురి అయింది. 1943 ఫిబ్రవరి 2న విజయం సాధించింది. 1944లో యీ రెండూ సోదర నగరాలైనాయి. కావెంట్రీ స్త్రీలు 830 మంది తమ పేర్లు కుట్టిన ఒక బల్లగుడ్డను, తలా ఆరు పెన్నీలతో పాటు, ఆ నగరానికి పంపారు. పెద్ద జాలికంటె చిన్న సాయం మేలన్న భావం దానిపై కుట్టి వుంది. ఆ గుడ్డ నేటికీ వోల్గోగ్రాడ్ మ్యూజియంలో వుంది.

దీన్ని కళ అనవచ్చునా? అనవచ్చుననే నా అభిప్రాయం. ఇక్కడ పేరే అలంకారం, పేరే వస్తువు. కుట్టిన చేయి యెవరిదో, ఇచ్చిన డబ్బు యెవరిదో దాచవలసిన అవసరం లేని రచన అది.

దీని పక్కన 1962 మే 30న కావెంట్రీ కొత్త కెథెడ్రల్‌లో తొలిసారి వినిపించిన బ్రిటన్ సంగీతకృతి ‘వార్ రిక్వియమ్’ను పెట్టి చూద్దాం. మృతుల కోసం చేసే లాటిన్ ప్రార్థన మధ్యలో, 1918లో యుద్ధవిరమణకు వారం ముందు నేలకూలిన సైనికకవి ఓవెన్ గీతాలను స్వరకర్త చేర్చాడు. ప్రార్థన ఓదారుస్తుంది, కవి ఆ ఓదార్పును నిలదీస్తాడు. ఈ ఘర్షణే కృతికి ప్రాణం. అయితే యుద్ధం యెవరి లాభానికి జరుగుతుందన్న ప్రశ్నను అది అడగదు. అది దాని పరిమితి.

ఒక ఆంగ్లేయుడు, ఒక జర్మన్, ఒక రష్యన్ గాయని కలిసి పాడాలని బ్రిటన్ సంకల్పం. పియర్స్, ఫిషర్-డీస్కా పాడారు. విష్నెవ్స్కాయాను మాత్రం సోవియట్ ప్రభుత్వం ఆ తొలి ప్రదర్శనకు పంపలేదు. ఆమె స్థానంలో హెదర్ హార్పర్ పాడింది. స్టాలిన్‌గ్రాడ్ గాయం మానని దేశానికి జర్మన్ పక్కన నిలబడటం కష్టమేనని మనలో కొందరు సమర్థిస్తారు. నేను సమర్థించలేను. బాంబుల దెబ్బ తిన్న కావెంట్రీయే 1959లో జర్మన్ నగరం డ్రెస్డెన్‌తో చేయి కలిపింది. 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ బాంబులకు సుమారు 25,000 మంది చనిపోయిన నగరమది. బూర్జువా ప్రభుత్వాల సంకుచితత్వాన్ని ఖండించే మనం, మనకు ఆప్తమైన ప్రభుత్వం అదే పని చేసినప్పుడు నోరు మెదపకపోతే, మన విమర్శకు విలువ యేముంటుంది? 1963 జనవరిలో రికార్డు చేసినప్పుడు విష్నెవ్స్కాయా పాడింది. ఆ గొంతు చేరిన తర్వాతే కృతి పూర్తి అయిందని విన్నవారికి తెలుసు.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేసిన తర్వాత, కావెంట్రీ నగరపాలక సంస్థ వోల్గోగ్రాడ్‌తో అధికార సంబంధాన్ని నిలిపివేసింది. దురాక్రమణపై నిరసన న్యాయమే. అయితే ప్రభుత్వాలు నిలిపివేయగలిగింది కాగితాన్నే. ఆ 830 పేర్లను విప్పే సూది యే ప్రభుత్వం దగ్గరా లేదు. అవి యుద్ధాన్ని ఆపలేవు, నిజమే. కాని ఏలినవారు వేరు, ప్రజలు వేరు అని సాక్ష్యం చెప్పగలవు.

మా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఒక్కటే: ఇకమీదట యే సాంస్కృతిక వినిమయం గురించి విన్నా, అందులో సామాన్యుల ఆరు పెన్నీలు వున్నాయా అని ముందు అడుగు.