అంగడి మాట వ్రాయువాడు

వ్యాపారమునందు కొంత పేరు పడిన పిమ్మట, తన సరుకును గూర్చియు తన పనితీరును గూర్చియు ప్రజలు చదువుకొనదగిన వ్రాతలు క్రమముగా వెలువరింపవలయునని సంకల్పించి, స్వయముగా వ్రాయుటకు తీరిక లేకయో, కలము పట్టుట అలవాటు లేకయో, అందుకొక రచయితను జీతమునకో ఒప్పందమునకో కుదుర్చుకొను వర్తకులు ఇటీవల మన పట్టణములయందును తరచుగా కనుపించుచున్నారు. ఇట్టి పని కొంతకాలముగా చేయుచున్నవాడను గనుక, వారిలో పెక్కండ్రు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: మంచి కన్సల్టెంటు నెవరినైన చెప్పుదురా యని. చెప్పుటకు నాకు అభ్యంతరము లేదు. కాని పేరు చెప్పుటకు ముందు నేనును వారి నొక మాట అడుగుదును: వచ్చినవానిని మీ అంగడిలో ఎవరెవరితో మాటాడనిత్తురు?

ఈ ప్రశ్న విని కొందరు విస్తుపోవుదురు. వ్రాయుటకు కుదిరినవాడు వ్రాయవలెను గాని గుమాస్తాలతోను కూలీలతోను అతనికేమి పని యని వారి భావము. భాష తెలిసినవాడు, పది సంస్థలకు వ్రాసి చేయి తిరిగినవాడు, విషయమును ఎక్కడనుండియైనను సమకూర్చుకొనగలడని వారి నమ్మిక. నేను చూచినంతలో ఈ వృత్తిలో చెడిన పనులలో అధికభాగము ఈ నమ్మికచేతనే చెడినవి. బయటినుండి వచ్చినవాడు వాక్యమును తేగలడు. వాక్యములో నింపవలసిన సంగతి మాత్రము ఆ అంగడిలోనే, త్రాసు పట్టినవాని చేతిలోను, టెలిఫోను కడ కూర్చున్నవాని నోటిలోను ఉండును.

వర్తకుడు పాఠకులకొరకు పుటలు నింపుట నేడు పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో సేద్యపు పనిముట్లు చేయు జాన్ డీర్ సంస్థ 1895లో ‘ద ఫరో’ అను పత్రికను రైతులకొరకు ఆరంభించినది. అది నేటికిని వెలువడుచున్నది. ఫ్రాన్సు దేశమున రబ్బరు చక్రములు చేయు మిషెలిన్ సోదరులు, దేశమంతట మోటారుబండ్లు మూడువేలైనను లేని 1900 సంవత్సరములో, చక్రము మార్చుకొను విధమును, పెట్రోలు దొరకు చోటులను, బస చేయదగిన సత్రములను తెలుపు చిన్న పుస్తకమును దాదాపు 35,000 ప్రతులు అచ్చువేయించి ఉచితముగా పంచిపెట్టిరి. బండి ఎంత దూరము తిరిగిన చక్రము అంత అరుగును గనుక, ఆ ఔదార్యమునందు స్వలాభము లేకపోలేదు. అయినను చదువరికి ముందుగా చేతికందినది అతనికి దారిలో అక్కరకు వచ్చు సంగతి.

మనవారిని చెప్పుకొనవలెనన్నచో, 1893లో బొంబాయిలో అమృతాంజనము నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ నగరముననే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, తలనొప్పి మందు రాబడితో తెలుగు పత్రికారచనకు ఒక పెద్ద మేడ కట్టిరి. చెన్నపురిలో కేసరి కుటీరమును స్థాపించి, స్త్రీల వ్యాధులకై లోధ్ర అను ఔషధమును అమ్మిన కె. ఎన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను వెలువరించి, అందు స్త్రీలచేత వ్రాయించి, రచయిత్రులకు స్వర్ణకంకణము బహూకరించు సంప్రదాయమును నెలకొల్పిరి. తన మందు కొనువారెవరో ఆయనకు తెలియును; వారికి మందు గాక మరేమి కావలయునో అదియు తెలియును. ఈ రెండవ తెలివియే మన విషయమునకు మూలము. ఆ మహనీయులు తమ పత్రికల భారమును తామే తలకెత్తుకొనిరి. అట్టి విద్యయు అట్టి తీరికయు లేని వర్తకుడు మరియొకని నాశ్రయించుట తప్పు కాదు; కాని ఆశ్రయించినప్పుడు ఆ రెండవ తెలివి తన అంగడినుండి రచయితకు చేరు మార్గమును తానే తెరువవలెను.

గుంటూరి మిరప వర్తకు లొకరు, కారము పొట్లములు ఇంటింటికి చేర్చు వ్యాపారమునకు దిగినవారు, ఒక కన్సల్టెంటుచేత ఏడాదిపాటు వ్రాయించిన వ్యాసములను నాకు చూపించి, ఇవి ఎవరును చదువకుండుటకు కారణమేమని యడిగిరి. చదివితిని. మిరపను పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరని, అందు సి విటమిను కలదని, తెలుగువారి భోజనమునకు ఊరగాయలే ప్రాణమని, ఇట్టివి. ఒక్కటియు అబద్ధము కాదు. భాషయు నిర్దుష్టముగానే యున్నది. కాని ఆ వ్యాసములపై నున్న సంస్థపేరు చెరిపి మరియొక వర్తకుని పేరు వ్రాసినచో లోపల ఒక్క అక్షరమైనను మార్చవలసిన పని లేదు. ఆ వ్రాసినవాడు ఆ గిడ్డంగిలో ఒకనాడైనను అడుగు పెట్టలేదని పిమ్మట తెలిసినది. అతనిని నేను నిందింపను. రమ్మని పిలిచినవారెవరును లేరు.

వర్తకుల యనుమతితో నేను గిడ్డంగిలో కూర్చుంటిని. టిక్కీలు, అనగా బస్తాలు, విప్పి రాశిపోసిన మిరప చుట్టును స్త్రీలు కూర్చుండి తొడిమలు తీయుచు, తెల్లబారిన తాలుకాయలను వేరొక ప్రక్కకు విసరుచుండిరి. చూపు ఒకచోట, మాట ఒకచోట, చేయి మాత్రము తప్పకుండ తన పని తాను చేసికొనిపోవుచుండెను. "చూడకుండానే ఎట్లా తెలుస్తుందమ్మా?" అని యడిగితిని. "పట్టుకుంటేనే తెలిసిద్దయ్యా, చూడక్కర్లా" అని ఒకామె, తాలుకాయయొక్క తేలికదనమును నా అరచేత పెట్టి చూపించినది. ఆవలిగదిలో వృద్ధుడైన గుమాస్తాగారు టెలిఫోనులో ఎవరికో ఓపికగా చెప్పుచున్నారు: "ఎరుపు వేరండీ, ఘాటు వేరండీ. రంగు చూసి కారం ఎక్కువనుకోవద్దు." ఫోను పెట్టి నావైపు తిరిగి, "రోజూ ఇదే మాటండీ, ఎన్నేళ్లనుంచో" అనిరి.

ఎన్నో ఏండ్లుగా దినదినము నోట చెప్పుచున్న ఆ మాటను ఏడాదిపాటు వెలువడిన వ్యాసములలో ఒక్కటియు ముట్టుకొనలేదు! మిరపకు ఎరుపునిచ్చునది క్యాప్సాంథిన్ మొదలగు వర్ణద్రవ్యములు. మంట పుట్టించునది క్యాప్సైసిన్. ఈ రెండును ఒకదానివెంట ఒకటి పెరుగునవి కావు. కన్నడదేశపు బ్యాడిగి మిరప ముడుతలు పడి చక్కని ఎరుపుతో ఉండును గాని దాని ఘాటు స్వల్పము. మన తేజ రకము సన్నగా నుండియు నాలుకను కాల్చును. మంట గింజలో నున్నదని ఎల్లరు ననుకొందురు. అది ప్రధానముగా గింజలంటియుండు తెల్లని పొరలో నుండును, దాని స్పర్శచేతనే గింజకును అంటును. వెలుతురునకును వేడికిని రంగు వెలిసిపోవును గనుకనే వర్తకులు అద్దెలు భరించి కాయను కోల్డు స్టోరేజిలో దాచుదురు. ఇంటిలో గాజుసీసాలో కిటికీప్రక్కన పెట్టిన కారము కొన్ని నెలలకే వెలవెలబోవుటకును అదియే హేతువు. కల్లములో తడినేలపై ఆరబోసిన కాయకు బూజు పట్టి, అందు అఫ్లటాక్సిన్ అను విషము చేరు ప్రమాదము కలదు; పట్టాలపై ఆరిన సరుకునకు కొనుగోలుదారు నాలుగు రూపాయలెక్కువ యిచ్చుటలో అర్థమిదియే. ఊరగాయ పెట్టబోవు గృహిణికి, ఏ రకము కొనవలెనో, కొన్నదానిని ఎట్లు దాచవలెనో తెలిసికొనగోరు గృహిణికి, ఇంతకన్న కావలసిన వ్యాసమేది? అది యంతయు ఆ గిడ్డంగిలో అదివరకే యున్నది. వ్రాయుటయే లేదు.

ఇచ్చట ఒక చిత్రమైన అడ్డంకి కలదు. సంగతి తెలిసినవానికి అది సంగతిగా తోచదు. ఆ గుమాస్తాగారిని, దీనినే వ్రాయుదమని యడుగగా, "ఇందులో రాయడానికేముందండీ, అందరికీ తెలిసిందే కదా" అనిరి. అమెరికా ప్రకటనారచయితలలో అగ్రగణ్యుడైన క్లాడ్ హాప్కిన్స్ 1927లో ప్రకటించిన తన వృత్తిచరిత్రలో ఇట్టి ఉదంతమునే చెప్పినాడు. మిల్వాకీ నగరమందలి ష్లిట్జ్ బీరు కర్మాగారమువారు ఆయనను వ్రాయుటకు కుదుర్చుకొనిరి. ఆ కాలమున బీరు చేయువారందరును తమది పరిశుద్ధమని పెద్ద అక్షరములలో చాటుకొనుటయే గాని పరిశుద్ధి యన నేమో చెప్పినవాడు లేడు. ఆయన కర్మాగారమంతయు తిరిగి, వడగట్టిన గాలి నింపిన గాజుగదులను, వేలాది అడుగుల లోతునుండి నీరు తెచ్చు బావులను, యంత్రములచే పలుమారులు కడుగబడు సీసాలను చూచి ఆశ్చర్యపడి, ఇవన్నియు జనులకేల చెప్పరని యడిగెను. మేము చేయునదే అందరును చేయుదురు గదా యని వారి ప్రత్యుత్తరము. చేయుట నిజమే, చెప్పినవాడెవడును లేడు. ఆయన చెప్పెను. అమ్మకములలో అయిదవస్థానమున నున్న సంస్థ కొలది మాసములలో అగ్రస్థానమును సమీపించినదని ఆయన వ్రాసికొన్నాడు. ఆ లెక్కను ఒకింత తగ్గించి తీసికొన్నను, కథలోని సత్యము తగ్గదు. ఇంటివారికి అలవాటై కంటికానని దానిని క్రొత్తకంటితో చూచి, ఇది చెప్పదగినదని గుర్తించుటకే బయటివాడు కావలెను. సంస్థ అతనికి ఇచ్చు ధనము ప్రధానముగా ఆ క్రొత్తకంటికి వెల.

కనుక రచయితను ఎంచుకొనునప్పుడు అతని పూర్వరచనలలోని శైలీమాధుర్యమును చూచి మురియుట చాలదు. మొదటి సమావేశమున అతడేమి చెప్పెనన్నదానికన్న ఏమి యడిగెనన్నది నేను ముఖ్యముగా చూతును. నెలకెన్ని వ్యాసములు, ఒక్కొక్కటి ఎన్ని మాటలు, అని లెక్కతో ఆరంభించువాడు లెక్కనే అందించును. మీ యొద్దకు వచ్చి కొనక తిరిగిపోయినవారెవరు, ఎందుచేత పోయిరి, మీ సరుకు ఎవరికి తగదు, అని యడుగువానిని కూర్చుండబెట్టి మాటాడవలెను. పూర్వము పల్లెలలో చదువురాని తల్లి కుమారునికి ఉత్తరము వ్రాయించుకొనునప్పుడు, మంచి వ్రాతగాడు ఆమె పలుకు నిలిచినచోట తానును కలము నిలిపి, "ఇంకేం రాయమంటావమ్మా?" అని వేచియుండెడివాడు, ఉత్తరము దూరదేశమున విప్పి చదివిన కుమారునికి వినవచ్చినది తల్లి గొంతే గాని వ్రాతగానిది కాదు. వర్తకునికొరకు వ్రాయువానికి కావలసిన నేర్పు ఇదియే. ఇది వినుటవలన అలవడునది, అలంకారశాస్త్రమువలన రాదు.

అయితే ఆ తల్లి ఎదుట కూర్చుండి చెప్పినది. మన యజమానులు కూర్చుండరు. ధనమిచ్చితిమి గదా, ఇక మాకు శ్రమ కలిగింపకుమందురు. వారమునకొక గంట యజమానియో, వ్యవహారమంతయు తెలిసిన పెద్ద గుమాస్తాయో రచయితకు కేటాయింపనిచో ఆ ఒప్పందమును చేసికొనకుండుటయే మేలని నా దృఢాభిప్రాయము. పరీక్షకై ఒక వ్యాసము వ్రాయించుకొనుట యుక్తమే; దానికి పూర్తి వెల యిచ్చి వ్రాయించుకొనవలెను. ఉచితముగా వ్రాయించుకొన్న పరీక్షావ్యాసమునకై ఎవడును గిడ్డంగికి వచ్చి కూర్చుండడు.

సత్యవిషయము వేరుగా చెప్పవలసియున్నది. వ్యాసము క్రింద నుండునది సంస్థ పేరు. ఆ పేరు చూచి, అందలి మాటను బట్టి మధుమేహము పోవునని నమ్మి మందు మానివేసిన రోగి యుండవచ్చును. కొన్ని వ్యాధులను నయము చేయుదుమని మందులకు ప్రకటనలిచ్చుటను 1954 నాటి ఔషధములు, మాయా చికిత్సల చట్టము నిషేధించినది. అందు మధుమేహమును క్యాన్సరును చేరియున్నవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్రాధికారసంస్థ పదిలక్షల రూపాయలవరకు, మరల చేసినచో ఏబదిలక్షలవరకు జరిమానా విధింపవచ్చును. జరిమానాకు వెరచి కాక, చదువరి ముఖము చూచి రచయిత ఇట్టి వ్రాతను నిరాకరింపవలెను. నిరాకరించినవానిని పనినుండి తొలగింపక నిలుపుకొన్న మూలికల వర్తకులొకరు నాకు తెలియును. ఆయనయందు నాకు గల గౌరవము ఇంతింత యని చెప్పలేను.

ఒప్పందపత్రమును గూర్చి కొంచెము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, జీతమునకు పనిచేయు ఉద్యోగి తన ఉద్యోగధర్మముగా వ్రాసినదానికి, వేరు ఒడంబడిక లేనిచో, యజమానియే ప్రథమహక్కుదారు. స్వతంత్రముగా వచ్చి వ్రాసిపోవు కన్సల్టెంటు విషయము అట్లు కాదు. సొమ్ము ముట్టినంతమాత్రమున హక్కు చేతులు మారదు, వ్రాతపూర్వకముగా బదలాయించి సంతకము చేయవలెను. ఆ పత్రములో గడువు వ్రాయకున్న అయిదేండ్లనియు, ప్రదేశము వ్రాయకున్న భారతదేశమువరకే యనియు చట్టము గ్రహించును. అమెరికాలోని తెలుగువారికి కారము పంపు వర్తకునికి ఈ రెండవ మాట తేలికయైనది కాదు. ఇరుపక్షములును స్నేహముగా నున్న మొదటిదినముననే దీనిని వ్రాసికొనుట మర్యాద.

రచయిత ఎల్లకాలము ఉండడు. గుమాస్తాగారు కొనుగోలుదారుల ప్రశ్నలను వ్రాసియుంచు పుస్తకము అంగడిలోనే యుండవలెననియు, గడువు ముగియులోపల ఇంటివారిలో ఒకరికి ఈ పని నేర్పవలెననియు నేను ఒప్పందములో చేర్పింతును. ఆ మిరప వర్తకుల యంగడిలో లెక్కలు వ్రాయు అమ్మాయి ముందుకు వచ్చినది. ఆమె తొలి వ్యాసము తాలుకాయను చేతితో గుర్తించు విధమును గూర్చినది. నేను దిద్దినది స్వల్పము. ఆ విద్య చెప్పిన స్త్రీల పేర్లను, వారి యనుమతి తీసికొని, వ్యాసమునందు చేర్చుమని మాత్రము కోరితిని. ఆమె వెంటనే లేచి గిడ్డంగిలోనికి పోయినది.