కుడి వైపు నుంచి తెరిచే పుస్తకం

మా బడిలో ప్రతి పిల్లవాడి సంచిలోనూ రెండు రకాల నోటుబుక్కులు ఉంటాయి. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ రాసుకునేవి మన పుస్తకాల్లాగే తెరుచుకుంటాయి. దివేహి, ఇస్లాం పాఠాలు రాసుకునేవి కుడి వైపు నుంచి తెరుచుకుంటాయి. మాల్దీవుల బళ్లలో ఆ రెండూ, ఖురాన్ పాఠమూ తప్ప మిగతా చదువంతా ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. ఇంట్లో, వీధిలో, పడవ మీద, ఆటలో పిల్లల నోట వినిపించేది మాత్రం దివేహి. లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ చెప్పడానికి దీవుల బళ్లకు వచ్చేవాళ్లలో చాలామందిమి భారతదేశం నుంచే వచ్చాం. మలయాళీలు, తమిళులు మొదటినుంచీ ఉన్నారు. మన తెలుగువాళ్లమూ ఉన్నాం.

నేను లెక్కల టీచర్ని. రాజధాని మాలేకు ఉత్తరాన, నూను అటోల్ అనే దీవుల గుంపులో ఒక చిన్న దీవిలో ఉంటాను. ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. తరగతికి ఒకటే సెక్షను. ఇద్దరు పిల్లలు నా దగ్గరే ఉంటారు, వాళ్ల నాన్న ఉద్యోగం రాజమండ్రిలో. అమ్మాయి అయిదో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి, ఇద్దరూ మా బడిలోనే.

ఈ వారం రాత గురించే రాయాలని ఉంది. పరాయి ఊళ్లో చదువు చెప్పడం గురించి నాకు తెలిసింది ఏదైనా ఉంటే, అది చాలావరకు పిల్లల చేతి రాత చూస్తూ తెలుసుకున్నదే.

దివేహి రాసే లిపి పేరు తానా. కుడి నుంచి ఎడమకు రాస్తారు. కానీ అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. ఒకటో తరగతి పిల్ల తన దివేహి నోటుబుక్కులో తేదీ రాస్తుంటే పక్కన కూర్చుని చూడండి. కుడి నుంచి అక్షరాలు పేర్చుకుంటూ వస్తుంది. అంకె రాయాల్సిన చోటికి రాగానే పెన్సిల్ ఆగుతుంది. 27 అని రాయడానికి ఎంత చోటు పడుతుందో కంటితోనే కొలుచుకుని, అంత జాగా వదిలి, దాని ఎడమ అంచుకు పెన్సిల్ తీసుకెళ్లి అక్కణ్నుంచి కుడికి 2, 7 వేస్తుంది. మళ్లీ ఆ అంకెను దాటుకుని ఎడమకు వెళ్లి నెల పేరు మొదలుపెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు చోటు చాలక 7 వచ్చి ముందు అక్షరానికి గుద్దుకుంటుంది. కొన్ని వారాల్లో చెయ్యి కుదురుకుంటుంది. ఆరేళ్ల పిల్ల ఒక అంకెను రాయకముందే దాని వెడల్పు ఊహిస్తోందంటే, ఆ బుర్రలో ఎంత లెక్క నడుస్తున్నట్టు! ఈ పిల్లలకు ఒకట్ల స్థానం నుంచి కూడిక మొదలుపెట్టమంటే వింతగా అనిపించదు. మన ఊళ్లో పిల్లలు వందల నుంచి మొదలుపెట్టబోతారు, మనం చెయ్యి పట్టుకుని కుడికి లాగుతాం. ఇక్కడ ఆ పని నాకు చాలా తక్కువ.

ఇది గమనించాకే తానా నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. నేర్పింది మా పక్కింట్లో ఉండే దివేహి టీచరు. మా పిల్లలు ఆవిడను దత్తా అని పిలుస్తారు. ఇక్కడ అక్కను అలాగే పిలుస్తారు.

తానాలో అక్షరాలు 24. మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల నుంచి పుట్టాయని దత్తా చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆవిడ పలక తీసుకుని 1 నుంచి 9 దాకా అరబిక్ అంకెలు వరసగా వేసి, ఒక్కోదాని కింద అక్షరం రాసి చూపించింది. హా, షవియని, నూను, రా, బా, ళవియని, కాఫు, అలిఫు, వావు. అరబిక్ తొమ్మిదికీ వావుకూ తేడా చూపించమంటే ఇప్పటికీ ఆలోచించి చెప్పాలి. తర్వాతి తొమ్మిది అక్షరాలు ఈ దీవుల్లో పూర్వం వాడిన అంకెల నుంచి వచ్చాయట. అంకెలే అక్షరాలైన లిపిని ఒక లెక్కల టీచరు నేర్చుకోకుండా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి ఉంది. ఇక్కడి అటోల్‌ల పాలనా పేర్లు కూడా ఉత్తరం నుంచి దక్షిణానికి ఈ అక్షరాల వరసలోనే సాగుతాయి. మా నూను ఆ వరసలో మూడో అక్షరం. భౌగోళికంగా మాలే కాఫులోకి వస్తుంది. అక్షరమాల చదివితే దేశపటం చదివినట్టే. సోషల్ పాఠంలో మా అమ్మాయికి ఇది చాలా పనికొచ్చింది.

తానా మరీ పాత లిపి కాదు, 18వ శతాబ్దం నుంచి కనిపిస్తోంది. అంతకు ముందు ఈ దీవుల్లో వాడిన లిపి మన లిపుల్లాగే బ్రాహ్మీ నుంచి వచ్చింది, ఎడమ నుంచి కుడికి సాగేది. 12వ శతాబ్దంలో ఇక్కడి రాజులు మసీదులకు ఇచ్చిన దానాలను రాగి రేకుల మీద చెక్కించారు. ఆ రేకుల ఫొటో చూస్తే మన తామ్రశాసనాలకు వేలు విడిచిన చుట్టాల్లా ఉంటాయి. గుండ్రటి అక్షరాలు, వరసలు, రేకులను కలిపే కడియం. అప్పట్లో అటు నుంచి ఇటు రాసిన చేతులే తర్వాత ఇటు నుంచి అటు రాయడం అలవాటు చేసుకున్నాయి.

మా వాడి సంగతి చెప్పాలి. వాడు ఎల్‌కేజీ నుంచీ ఇక్కడే కాబట్టి తెలుగు కంటే ముందే తానా వచ్చేసింది. సాయంత్రాలు పెద్దబాలశిక్ష ముందు పెట్టుకుని గుణింతం మొదలుపెడితే వాడికి నిద్ర ముంచుకొచ్చేది. ఒకరోజు నేను పలక మీద క రాశాను. వాడు తలకట్టు మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది అబఫిలి కదా?" అన్నాడు.

తానాలో ప్రతి హల్లుకూ అచ్చు గుర్తు పెట్టి తీరాలి. ఆ గుర్తును ఫిలి అంటారు. అక్షరం మీద ఒక వాలుగీత ఉంటే అబఫిలి, అంటే అ. రెండు గీతలుంటే ఆబాఫిలి, అంటే ఆ. అలా ఇబి, ఈబీ, ఉబు, ఊబూ, ఎబె, ఏబే, ఒబొ, ఓబో. మొత్తం పది. తలకట్టు నుంచి ఓత్వం దాకా మన గుణింతంలో ఐత్వం, ఔత్వం, ఋత్వం పక్కన పెట్టండి, సరిగ్గా పదికి పది సరిపోతాయి. హిందీ బడిలో చదివే తెలుగు పిల్లలకు ఎ, ఏ తేడా చెప్పడానికి తల్లులు ఎంత అవస్థ పడతారో నేను చూశాను. హిందీ రాతలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. దివేహిలో ఉన్నాయి, విడిగా గుర్తులూ ఉన్నాయి. అచ్చు లేని హల్లుకు మనం పొల్లు పెడితే, వాళ్లు పైన చిన్న సున్నా చుడతారు. దాన్ని సుకున్ అంటారు.

ఆ సాయంత్రం పలక మధ్యలో గీత గీశాం. ఎడమ వైపు నేను తెలుగు గుర్తు, కుడి వైపు వాడు ఫిలి. వాడు ఊరికే ఒప్పుకోలేదు. ఇబిఫిలి అక్షరం కింద ఉంటుంది, మన గుడి పైన ఉంటుంది. "కింద పెట్టాల్సింది పైన పెట్టావేం?" అన్నాడు. కొమ్ము దగ్గర ఇంకా పేచీ. ఉబుఫిలి పైన ఉంటుంది, మన కొమ్ము పక్కకు వేలాడుతుంది. ఆఖరుకు వాడు అడిగిన ప్రశ్న మా అమ్మ నాకు అక్షరాలు దిద్దించిన రోజుల నుంచీ నాకెప్పుడూ తోచలేదు. "ఖ, జ, ణ, బ, ల మీద తలకట్టు లేదేంటి? మరి వాటికి అ ఎక్కణ్నుంచి వచ్చింది?" తానా చదివిన పిల్లవాడికి గుర్తు లేకుండా అచ్చు పలకడం పెద్ద తప్పు. వాడి లిపి ప్రకారం వాడి ప్రశ్నే న్యాయం. కొన్ని అక్షరాలు తలకట్టును తమలోనే కలిపేసుకున్నాయని చెప్పాను. ఒప్పుకున్నట్టే ఉన్నాడు గానీ, ఆ తర్వాత చాలా రోజులు ల మీద తలకట్టు గీస్తూనే ఉన్నాడు. నేను చెరపలేదు. ఆ గీతలో వాడి ఆలోచన కనిపించేది నాకు. నెల తిరిగేసరికి గుణింతం మొత్తం వచ్చేసింది. మామూలుగా నేర్పితే ఏడాది పట్టేదేమో.

మా వాడు తనకు వచ్చిన లిపి మీదుగా తెలుగు పట్టుకోవడం చూశాక, పలక మీద గీత గీసిన మర్నాడే క్లాసులోనూ నా పద్ధతి మారింది. అంతకు ముందు ఇంగ్లిష్ మీడియం బడి కాబట్టి క్లాసులో ఇంగ్లిషే వినిపించాలని పట్టుబట్టేదాన్ని. ఇప్పుడు మాటల లెక్క ఏది ఇచ్చినా, మొదట జంటలుగా దివేహిలో మాట్లాడుకోమంటాను. సగం నాకు అర్థమవుతుంది, సగం కాదు. అర్థం కాని సగంలోనే లెక్క తెగుతున్న సందర్భాలు ఎక్కువ. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పమంటే మాట తడబడుతుంది కానీ జవాబు తడబడదు. పన్నెండో ఎక్కం చెప్పే రోజున ఇంట్లో తాతమ్మలు 60ని ఏమంటారో అడిగి రమ్మన్నాను. ఫస్‌దొళస్ అని రాసుకొచ్చారు, అంటే అయిదు పన్నెండ్లు. ఇక్కడి పాత లెక్క పన్నెండ్ల మీద నడిచేది. ఆ రోజు 60 కారణాంకాలు బోర్డు మీద నేను రాయాల్సిన పని పడలేదు.

మా అమ్మాయి నా క్లాసులోనే ఉంది. ఒకటే సెక్షను కాబట్టి వేరే దారి లేదు. బడి గేటు దాటగానే నన్ను మిస్ అంటుంది. ఆ మాట దానంతట అదే పెట్టుకుంది, నేను చెప్పలేదు. దాని పేపరు దొంతరలో ఎక్కడుంటే అక్కడే దిద్దుతాను, ముందుకు తీయను, వెనక్కి నెట్టను. ఇంటికొచ్చాక లెక్కల గురించి అడిగితే, తోటి పిల్లలెవరైనా మా గుమ్మం దగ్గరకొచ్చి అడిగినప్పుడు ఎంత చెబుతానో అంతే చెబుతాను. ఇది దానికి కష్టంగానే ఉంటుందని తెలుసు. ఇంత చిన్న దీవిలో టీచరు కూతురికి మార్కులు ఎలా వచ్చాయన్నది అందరికీ తెలిసిపోయే విషయం. ఆ మార్కులు తనవేనని అది తలెత్తుకుని చెప్పగలగాలి.

మిగతా రోజువారీ సంగతులు మీరు ఊహించగలిగేవే. పొద్దున్నే బడి. సాయంత్రం వైబర్‌లో తల్లుల ప్రశ్నలు. శుక్ర, శనివారాలు సెలవు. మే నుంచి నైరుతి గాలి ముదిరితే మాలే నుంచి కూరగాయల పడవ ఆలస్యమవుతుంది. అప్పుడు పెరట్లో మునగాకు, కరివేపాకు మమ్మల్ని ఆదుకుంటాయి. రెండూ ఇక్కడ బాగా పెరుగుతాయి, ఇక్కడివాళ్లూ తింటారు. చింతపండు, ఆవకాయ మాత్రం ఊరి నుంచి రావాల్సిందే. నాకు జ్వరమొచ్చిన రోజున పిల్లలకు రోషీ రొట్టె, మస్ హుని పెట్టి పడుకోబెట్టింది దత్తానే. చేపా కొబ్బరీ కలిపిన ఆ పొడికూర మా వాడికి ఆవకాయ కంటే ఇష్టం.

మళ్లీ రాత సంగతికి వస్తే, 1976లో ఇక్కడి ప్రభుత్వం తానాను పక్కన పెట్టి, దివేహిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమంది. కొత్తగా వచ్చిన టెలెక్స్ యంత్రాలకు అదే వీలని. 1978లో అధ్యక్షుడు మారాక తానా తిరిగొచ్చింది. ఆ మధ్యలో బడిలో చేరిన పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్లు. ఇవాళ వైబర్‌లో తల్లులు నాకు పంపే సందేశాల్లో దివేహి మళ్లీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే వస్తోంది. మన ఇళ్లలోనూ అంతే. రాజమండ్రిలో ఉన్న మా అమ్మకు మనవలు పంపే సందేశం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఆవిడ చదవలేదు, ఎవరితోనో చదివించుకుంటుంది. అందుకే మా ఇంట్లో అమ్మమ్మకు రాసేదేదైనా తెలుగు అక్షరాల్లోనే ఉండాలని నియమం పెట్టాను. ల మీద తలకట్టుతో వెళ్లిన మొదటి ఉత్తరం ఆవిడ దాచుకుంది.

ఇక్కడికొచ్చే మన టీచర్లతో నాకున్న పేచీ ఒక్కటే. కాంట్రాక్టు ఏడాదికో, రెండేళ్లకో కాబట్టి ఈ భాష మనకెందుకని అనుకుంటారు. ఇంగ్లిష్ మీడియం కదా, అవసరం ఏముందంటారు. ఏడాది తిరగ్గానే వెళ్లిపోతారు, ఇంకొకరు వస్తారు, పిల్లలు ఇంకో ఇంగ్లిష్ యాసకు చెవి సర్దుకుంటారు. పిల్లలే ప్రతిసారీ సర్దుకోవాలనడం నాకు న్యాయంగా తోచదు. పెద్దవాళ్లం, జీతం తీసుకుంటున్నవాళ్లం, మనం ఒక అడుగు వేయాలి. బోర్డు మీద పిల్లవాడి పేరు వాడి లిపిలో రాసి చూడండి, వెనక బెంచీలో కూర్చున్నవాడు ముందుకొస్తాడు. ఇది నేను చాలాసార్లు చూశాను.

మొన్న మహబూబ్‌నగర్ నుంచి సైన్సు టీచరొకామె చేరింది, మూడేళ్ల పాపతో. మా పలక మీది పట్టికను తెల్లకాగితం మీద శుభ్రంగా రాసి ఇచ్చాను. ఎడమన గుణింతం, కుడిన ఫిలి. "ఎన్ని రోజులు పడుతుందక్కా?" అని అడిగింది. గుణింతం వచ్చినవాళ్లకు ఫిలి ఒక సాయంత్రం పని, అక్షరాలకే కాస్త ఓపిక కావాలి అన్నాను. ఆదివారం బడి నుంచి రాగానే పాపను తీసుకుని వస్తానంది. దత్తాను కూడా పిలిచాను.