ఒంటి తీగ మీద గాంధారం

మా కోటగిరిలో వడ్లాయన పలక కొనేముందు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. తలుపు చెక్కకు నాదంతో ఏం పని? అయినా వింటాడు. మాండలిన్ చెక్కేవాళ్ల సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఆ వేలే గుర్తొస్తుంది.

చేత్తో చెక్కే మేలురకం మాండలిన్‌కు పైపలక సాధారణంగా స్ప్రూస్ చెక్కతో వస్తుంది. దాని ఉబ్బు వంచి తెచ్చింది కాదు. మందపాటి దిమ్మెను లోపలా బయటా ఉలితో తొలిచి, బొటనవేలంత రందాతో గీకి తెచ్చింది. నడుమ మందం, అంచుకు పోయేకొద్దీ పలచన. ఎక్కువ తీస్తే తీగల బిగువుకు కుంగుతుంది, తక్కువ తీస్తే మూగబోతుంది. ఎక్కడ చెయ్యి ఆపాలన్నదే అసలు విద్య. చెవితో పాటు కంటికీ సాక్ష్యం కావాలనుకున్న కొందరు పలక మీద చాయపత్తి చల్లి, కింద స్పీకర్‌లో ఒక్కో శ్రుతి మోగిస్తారు. అదిరే చోటు వదిలి చాయపత్తి అదరని గీతల మీదికి చేరి ముగ్గు వేస్తుంది. 18వ శతాబ్దంలో జర్మనీ శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ ఇసుకతో చూపించిన ముగ్గే ఇది. దాన్ని చూసి ఇంకో పొర తీయాలా వద్దా అని తేల్చుకుంటారు.

బొబ్బిలి వీణలోనూ పనితనమంతా తీసేయడంలోనే ఉంది, ఒకే పనస దుంగను తొలుస్తారు కనుక. కానీ మాండలిన్‌లో నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచే తీసివేత చెక్కలో జరగలేదు, తీగల్లో జరిగింది.

మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటగానే ఆరిపోయే నాదానికి ఆ జతే నిండుతనం. గమకానికి మాత్రం అదే అడ్డం: పక్కకు లాగితే రెండు తీగలూ ఒక్కలా సాగవు, శ్రుతి చీలుతుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన కర్ణాటక సంగీత మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి నేర్పారు. గొంతులో విన్నది వేలికి రావాలి. శ్రీనివాస్ జతలు వదిలేశారు, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. బోలు పొట్టనూ వదిలేసి గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. నాదాన్ని నిలిపే పని పికప్, ఆంప్లిఫయర్ తీసుకున్నాయి.

ఆయన వాయించిన తోడి రాగం వినండి. మెట్టు మీద వేలు తీగను పక్కకు లాగి వదులుతుంటే గాంధారం ఊగుతుంది, ఎక్కడా చీలదు.